షేర్ బ్రోకర్ మీద కాపలా ఎవరిది? మన జిల్లాల మదుపరుల కోసం మెట్టు మెట్టుగా

జూలై వచ్చిందంటే నల్లగొండలో నా టేబుల్ మీద ఫైళ్లు గుట్టలు పడతాయి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేసే టైము. ఒకప్పుడు ఆ ఫైళ్లలో ఫారం 16, ఎల్‌ఐసీ రశీదులు తప్ప పెద్దగా ఏమీ ఉండేవి కావు. ఇప్పుడు టీచర్ల ఫైళ్లలో, మిర్యాలగూడ మిల్లు గుమాస్తాల ఫైళ్లలో, చివరికి బత్తాయి తోటలున్న రైతుల ఫైళ్లలో కూడా షేర్ల లాభనష్టాల స్టేట్‌మెంటు ఉంటోంది.

పోయిన జూలైలో హాలియా దిక్కు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. స్టేట్‌మెంటు అడిగితే నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం తీసి ఇచ్చాడు. కింద రబ్బరు స్టాంపు, పైన పెన్నుతో రాత: "రూ. 3,00,000 ముట్టినవి. నెలకు నూటికి మూడు."

"ఇది స్టేట్‌మెంటు కాదు తమ్మీ, మిత్తి కాగితం" అన్నాను.

"కాదన్నా, షేర్లలనే పెట్టిండు. ఆఫీసుల సెబీ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి గోడకు పెట్టిండు. ఫోటో గూడ తీసుకున్న, చూడు."

చూశాను. సర్టిఫికెట్ దొంగది కాదు. అందులో ఉన్న నంబరు సెబీ, అంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థ, వెబ్‌సైట్‌లో కొడితే పెద్ద బ్రోకర్ కంపెనీ పేరే వచ్చింది. ఆ ఆఫీసు కూడా ఆ కంపెనీకి నిజంగానే ఏజెంటు ఆఫీసు. తమ్ముడి పేరు మీద షేర్లు దాచుకునే డీమ్యాట్ ఖాతా కూడా నిజంగానే తెరిచారు. మరి తేడా ఎక్కడ కొట్టింది? మూడు లక్షలు కంపెనీ ఖాతాలో పడలేదు. యూపీఐలో ఏజెంటు సొంత నంబరుకు పోయాయి.

మన దేశంలో బ్రోకర్ల మీద కాపలా లేదనడం తప్పు. ఒకరి మీద ఒకరుగా నలుగురైదుగురు ఉన్నారు. కానీ వాళ్లందరూ చూసేది లెక్కలో పడిన డబ్బునే. లెక్కలోకి రాని డబ్బు వాళ్ల కళ్లకు ఆనదు. కాబట్టి ఎవరేం చూస్తారో చెబుతూనే, మన డబ్బు వాళ్ల కంట పడేలా మనం ఏం చేయాలో కూడా చెబుతాను.

ముందు యార్డు సంగతి

సూర్యాపేట మార్కెట్‌కు వడ్లు, బాదేపల్లి యార్డుకు పల్లికాయ తోలిన ఇంట్లో వాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. రైతు సరుకు అడ్తిదారు ద్వారా అమ్ముతాడు. అడ్తిదారుకు లైసెన్సు ఉండాలి. అమ్మకం యార్డులో, మార్కెట్ కమిటీ కళ్ల ముందు జరగాలి. కాంటా అయ్యాక తూకం, ధర, కోతలు రాసిన తక్‌పట్టీ చేతికి రావాలి. కమిటీ మీద మార్కెటింగ్ శాఖ ఉంటుంది.

షేర్లలోనూ అంతే. బ్రోకర్ అడ్తిదారు. స్టాక్ ఎక్స్ఛేంజి యార్డు, దాని కమిటీ రెండూ. తక్‌పట్టీకి ఇక్కడి పేరు కాంట్రాక్ట్ నోట్. అందరి మీదా సెబీ. ఒక్క తేడా ఏమిటంటే, యార్డులో మన బస్తా కంటికి కనిపిస్తుంది. షేరు కనిపించదు. అందుకే సరుకు దాచే గోదాము కూడా వేరే పెట్టి, దాని మీద ఇంకో కాపలా పెట్టారు. అదే డిపాజిటరీ.

మొదటి మెట్టు: ఎవరు ఏం చూస్తారో తెలుసుకోండి

సెబీ 1988లో పుట్టింది. అప్పుడు దానికి కోరలు లేవు. 1992లో పార్లమెంటు చట్టం చేశాక అధికారాలు వచ్చాయి. హర్షద్ మెహతా కుంభకోణం బయటపడిందీ ఆ ఏడాదే. సెబీ చట్టం 12వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ బ్రోకర్ పని చేయకూడదు. సెబీ లైసెన్సు ఇస్తుంది, పుస్తకాలు తనిఖీ చేస్తుంది, విచారణ జరుపుతుంది, మార్కెట్లోకి రాకుండా నిషేధిస్తుంది, లైసెన్సు రద్దు చేస్తుంది. మోసం రుజువైతే రూ. 25 కోట్లు లేదా వచ్చిన లాభానికి మూడింతలు, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా వేయగలదు.

కానీ రోజువారీ కాపలా సెబీది కాదు, ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ అనే స్టాక్ ఎక్స్ఛేంజీలది. అమెరికాలో బ్రోకర్లను చూసుకోవడానికి ఫిన్రా అని విడిగా ఒక స్వీయ నియంత్రణ సంస్థ ఉంది. మన దగ్గర ఆ పని ఎక్స్ఛేంజీలే చేస్తాయి. మెంబర్‌షిప్ ఇచ్చేది అవే, రూల్స్ పెట్టేది అవే, పుస్తకాలు తిరగేసేది అవే, తప్పు చేస్తే బ్రోకర్ ట్రేడింగ్ టర్మినల్ ఆపేసేదీ అవే. క్లయింట్ల డబ్బు, షేర్ల లెక్క బ్రోకర్ ఎప్పటికప్పుడు ఎక్స్ఛేంజికి పంపాలి. ఆరు నెలలకోసారి బయటి ఆడిటర్‌తో ఇంటర్నల్ ఆడిట్ చేయించాలి. మా ఊళ్లో అనుకుంటారు, ఎక్స్ఛేంజి అంటే సూచీ పైకీ కిందికీ పోయే టీవీ బొమ్మ అని. నిజానికి మీ బ్రోకర్ సెబీ కంటే ఎక్కువగా భయపడేది ఎక్స్ఛేంజి తనిఖీ టీముకే.

ఆ పక్కన క్లియరింగ్ కార్పొరేషన్లు ఉంటాయి, డబ్బు, షేర్ల మార్పిడి వాటి పని. షేర్లు దాచేవి రెండు డిపాజిటరీలు: 1996లో వచ్చిన ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో వచ్చిన సీడీఎస్‌ఎల్. మీ షేర్లు ఉండాల్సింది అక్కడ, మీ పేరు మీద. బ్రోకర్ యాప్‌లో కనిపించేది ఆ ఖాతాకు అద్దం మాత్రమే.

బ్రోకర్లకు సంఘాలు కూడా ఉన్నాయి, ఆన్మీ లాంటివి. అవి వాళ్ల బాగు కోసం పెట్టుకున్నవి. మన ఫిర్యాదు అక్కడికి తీసుకుపోయినా ఉపయోగం లేదు.

పాత తరంలో కొందరు ఇప్పటికీ "హైదరాబాద్ ఎక్స్ఛేంజిలో అడుగుదాం" అంటారు. 1943లో మొదలైన ఆ ఎక్స్ఛేంజికి 2007లో గుర్తింపు పోయింది.

రెండో మెట్టు: నంబరు ఒక్కటే చూసి ఊరుకోకండి

బ్రోకర్ రిజిస్ట్రేషన్ నంబరు ఐఎన్‌జెడ్ అనే అక్షరాలతో మొదలవుతుంది. ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌దైతే ఐఎన్‌ఏ, రీసెర్చ్ అనలిస్టుదైతే ఐఎన్‌హెచ్. ఎవరైనా ఐఎన్‌హెచ్ నంబరు చూపించి "డబ్బు నాకు పంపండి, నేనే ట్రేడ్ చేస్తా" అన్నాడంటే అక్కడే ఆగిపోవాలి. అనలిస్టు సలహా రాయొచ్చు, మీ షేర్ల డబ్బు పట్టుకోకూడదు.

సెబీ వెబ్‌సైట్‌లో గుర్తింపు పొందిన ఇంటర్మీడియరీల జాబితా ఉంటుంది. నంబరు కొట్టగానే పేరు, అడ్రసు, ఈమెయిల్ వస్తాయి. మూడూ కలవాలి. నంబరు ఒక్కటే అయితే ఏ దొంగైనా తన పాంప్లెట్ మీద అచ్చు వేసుకుంటాడు.

మన చిన్న పట్టణాల్లో అసలు చిక్కు ఇక్కడ కాదు, ఏజెంటు దగ్గర ఉంది. గద్వాలలోనో, దేవరకొండలోనో బోర్డు కట్టుకుని కూర్చున్న మనిషి బ్రోకర్ కాదు. బ్రోకర్ కంపెనీకి అతను ఆథరైజ్డ్ పర్సన్. ఇదివరకు సబ్‌బ్రోకర్ అని సెబీ దగ్గరే రిజిస్టర్ చేసుకునేవాళ్లు. 2018లో ఆ పద్ధతి ఎత్తేశారు. ఇప్పుడు ఎక్స్ఛేంజి అనుమతితో బ్రోకర్ పెట్టుకుంటాడు. అతని పేరు ఎన్‌ఎస్‌ఈ, బీఎస్‌ఈ వెబ్‌సైట్లలో వెతికితే దొరకాలి.

ఆథరైజ్డ్ పర్సన్ గురించి రెండు రూల్స్ ఉన్నాయి. వీలైతే ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఒకటి, అతను తన సొంత పేరు మీద గానీ ఖాతాలోకి గానీ క్లయింట్ డబ్బు, షేర్లు తీసుకోకూడదు. రెండు, అతను చేసిన పనులకు బ్రోకర్ కంపెనీదే బాధ్యత. "వాడు మా స్టాఫ్ కాదండీ" అని హెడ్డాఫీసు వాళ్లు ఫోన్‌లో అంటారు. అనగానే ఫోన్ పెట్టేయకండి. ఆ మాటే ఈమెయిల్‌లో రాసి పంపమనండి. చాలామంది రాయరు.

మూడో మెట్టు: ఖాతా తెరిచే రోజు చేసే తప్పు

హాలియా తమ్ముడి ఫారం నేను తెప్పించి చూశాను. పేరు అతనిదే, పాన్ అతనిదే, సంతకం అతనిదే. మొబైల్ నంబరు అతనిది కాదు. ఈమెయిల్ అసలే కాదు.

"నాకు మెయిల్ లేదన్నా. ఆయనే పెట్టిండు. ఓటీపీలు గీటీపీలు అన్నీ నేనే చూసుకుంటా, నీకు టెన్షన్ వద్దు అన్నడు."

మొత్తం కాపలా వ్యవస్థలో మన చేతిలో ఉన్న తాళం ఇదొక్కటే. ఎక్స్ఛేంజి, డిపాజిటరీ, బ్రోకర్ ఎవరు ఏం చెప్పాలన్నా ఫారంలో ఉన్న మొబైల్‌కు, ఈమెయిల్‌కే పంపుతారు. కుటుంబంలో వాళ్లకు తప్ప ఒక నంబరు ఇద్దరు క్లయింట్లకు పెట్టకూడదని రూల్ ఉంది. దాన్ని దాటడానికి ఏజెంట్లు వేరే వేరే సిమ్ములు పెట్టుకుంటారు. ఈమెయిల్ లేకపోతే ఆ రోజే తెరవండి, పది నిమిషాల పని. మీకు రాకపోతే ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలను అడగండి.

రెండో సంతకం జాగ్రత్తగా పెట్టాల్సింది డీడీపీఐ అనే కాగితం మీద. ఇదివరకు పవర్ ఆఫ్ అటార్నీ తీసుకునేవాళ్లు. అది మన తరఫున చాలా పనులు చేసే అధికారం బ్రోకర్‌కు ఇచ్చే విశాలమైన కాగితం. దాన్ని అడ్డం పెట్టుకుని ఏం జరిగిందో కింద చెబుతాను. 2022 నుంచి దాని బదులు డీడీపీఐ వచ్చింది. అమ్మిన షేర్లు ఇవ్వడం, మార్జిన్ (ట్రేడుకు ముందుగా చూపాల్సిన హామీ) కోసం తాకట్టు, మ్యూచువల్ ఫండ్ లావాదేవీలు, ఓపెన్ ఆఫర్లలో షేర్లు ఇవ్వడం, ఈ నాలుగు పనులకు మాత్రమే అది పనికొస్తుంది. ఇవ్వకపోయినా ఖాతా నడుస్తుంది. అమ్మినప్పుడల్లా పిన్, ఓటీపీ కొట్టుకోవాలి, అంతే. నెలకు రెండుసార్లు అమ్మేవాళ్లకు అది పెద్ద బరువేం కాదని నా అభిప్రాయం.

షేర్లను ఖాతాలోంచి బయటికి పంపే డెలివరీ స్లిప్పుల మీద ఖాళీగానే ముందే సంతకాలు పెట్టి ఇవ్వడం ఇప్పటికీ అక్కడక్కడ చూస్తున్నాను. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టి ఇస్తారా? ఇదీ అదే. ఫారాలు నింపే హడావిడిలో నామినీ పేరు మాత్రం మరిచిపోకండి.

నాలుగో మెట్టు: డబ్బు ఏ దారిన పోవాలి

దారి ఒక్కటే. మీ పేరు మీదున్న బ్యాంకు ఖాతా నుంచి బ్రోకర్ కంపెనీ వాళ్ల క్లయింట్ ఖాతాకు. నగదు తీసుకోవడానికి బ్రోకర్‌కు అనుమతే లేదు. చేతికి నోట్లు ఇచ్చి రశీదు తీసుకున్నారంటే ఆ రశీదు ఎంత అందంగా ఉన్నా వ్యవస్థలో దానికి చోటు లేదు.

2025 అక్టోబరు నుంచి ఇది పోల్చుకోవడం ఇంకా సులువైంది. రిజిస్టరైన బ్రోకర్ల యూపీఐ ఐడీలో పేరు తర్వాత బీఆర్‌కే అనే అక్షరాలు, ఎట్ గుర్తు తర్వాత వ్యాలిడ్ అనే మాట, దాని పక్కనే బ్యాంకు పేరు ఉంటాయి. డబ్బు పంపే స్క్రీన్ మీద పచ్చ త్రికోణంలో బొటనవేలు పైకెత్తిన గుర్తు కనిపిస్తుంది. బ్యాంకు ఖాతాకు నేరుగా పంపేటట్టయితే సెబీ చెక్ అనే సదుపాయంలో ఆ ఖాతా నంబరు కొట్టి, అది నిజంగా బ్రోకర్‌దేనా అని ముందే చూసుకోవచ్చు.

అట్లా పోయిన డబ్బు ఏమవుతుంది? 2023 నుంచి క్లయింట్ల డబ్బును బ్రోకర్ తన దగ్గర కూడబెట్టుకోకుండా క్లియరింగ్ కార్పొరేషన్‌కు పంపాలని రూల్ పెట్టారు. వాడని డబ్బు మీరు ఎంచుకున్నట్టు నెలకో, మూడు నెలలకో మీ బ్యాంకు ఖాతాకు తిరిగి రావాలి. ఆ వారం చాలామంది నాకు ఫోన్ చేసి "సార్, నేను అడగలేదు, డబ్బులు వాపస్ వచ్చినయ్, ఖాతా బంద్ అయిందా?" అని కంగారు పడతారు. బంద్ కాలేదు. అది రూలు ప్రకారం వచ్చిన డబ్బు.

కొన్న షేర్లు కూడా మధ్యలో బ్రోకర్ సంచిలో ఆగకుండా క్లియరింగ్ కార్పొరేషన్ నుంచి నేరుగా మీ డీమ్యాట్‌లో పడే పద్ధతి 2025లో అమల్లోకి వచ్చింది. 2023 జనవరి నుంచి సెటిల్‌మెంటు ఒక్క రోజుకు దిగింది కాబట్టి ఈరోజు కొంటే రేపు పడాలి.

ఇన్ని రూల్స్ ఎందుకు వచ్చాయో అడగండి

జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. కార్వీ స్టాక్ బ్రోకింగ్ పేరు తెలియని తెలుగు మదుపరి లేడు. మన జిల్లా కేంద్రాల్లో ఎంతోమంది మొదటి డీమ్యాట్ ఖాతా అక్కడే తెరిచారు. 2019 నవంబరు 22న సెబీ ఆ కంపెనీ మీద ఉత్తర్వు ఇచ్చింది. ఎన్‌ఎస్‌ఈ తనిఖీలో తేలిందేమిటంటే, క్లయింట్ల షేర్లను పవర్ ఆఫ్ అటార్నీతో తన ఖాతాలోకి లాగి, అవి తనవే అన్నట్టు బ్యాంకుల దగ్గర తాకట్టు పెట్టి కంపెనీ అప్పులు తెచ్చింది. షేర్ల విలువ 2 వేల కోట్ల రూపాయలకు పైమాటే. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబరు మధ్య రూ. 1,096 కోట్లు తన అనుబంధ రియల్ ఎస్టేట్ కంపెనీకి మళ్లించినట్టు కూడా బయటపడింది.

ఎట్లా దాచగలిగింది? షేర్లు లాగిపెట్టుకున్న డీమ్యాట్ ఖాతా వివరాలను ఎక్స్ఛేంజికి పంపే లెక్కల్లో చూపించనే లేదు. మళ్లీ అదే సంగతి. లెక్కలోకి రానిది కాపలావాడికి కనిపించలేదు.

డిసెంబరు మొదటి వారానికల్లా ఎన్‌ఎస్‌డీఎల్ 80 వేల మందికి పైగా క్లయింట్ల షేర్లను తిరిగి వాళ్ల ఖాతాల్లో వేసింది. 2020 నవంబరులో ఎన్‌ఎస్‌ఈ ఆ కంపెనీని డిఫాల్టరుగా ప్రకటించి బహిష్కరించింది. 2023లో సెబీ రిజిస్ట్రేషన్ రద్దు చేసింది. కాపలా పని చేసిందా అంటే చేసింది, కానీ ఏళ్లు ఆలస్యంగా. ఆ దెబ్బతోనే 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం షేర్లు బ్రోకర్ ఖాతాకు పోవడం ఆగి, మీ డీమ్యాట్‌లోనే ఉండి తాకట్టు గుర్తు మాత్రమే పడే పద్ధతి వచ్చింది. తాకట్టుకు మీ ఫోన్‌కే ఓటీపీ వస్తుంది. మళ్లీ ఫోన్ నంబరు దగ్గరికే వచ్చాం, చూశారా?

ఐదో మెట్టు: వచ్చిన మెసేజీ చదవండి

ట్రేడు జరిగిన 24 గంటల్లో కాంట్రాక్ట్ నోట్ రావాలి. అందులో ఏ షేరు, ఎన్ని, ఏ ధరకు, ఏ టైముకు, బ్రోకరేజీ ఎంత, పన్నులెంత అన్నీ ఉంటాయి. బ్రోకరేజీ రెండున్నర శాతం దాటకూడదు. తక్‌పట్టీలో తరుగు ఎంత తీశారో చూసినట్టే, దీని కింది భాగం కూడా చూడండి.

అది బ్రోకర్ చెప్పే మాట. దాన్ని సరిచూసుకోవడానికి వేరే చోట్ల నుంచి మూడు రకాల సమాచారం వస్తుంది. ట్రేడు జరిగిన రోజే ఎక్స్ఛేంజి ఎస్సెమ్మెస్ పంపుతుంది. షేర్లు ఖాతాలోంచి బయటికి పోతే డిపాజిటరీ ఎస్సెమ్మెస్ పంపుతుంది. లావాదేవీలు జరిగిన నెల తర్వాత డిపాజిటరీ నుంచి క్యాస్ అనే కన్సాలిడేటెడ్ స్టేట్‌మెంటు వస్తుంది. మీ పాన్ మీద ఉన్న షేర్లు, మ్యూచువల్ ఫండ్లు అన్నీ ఒకే చోట.

వీటితోపాటు ఇంకో మెసేజీ ఉంది. అందరూ డిలీట్ చేసేది అదే. ఎక్స్ఛేంజి పేరుతో వస్తుంది. మీ పాన్‌లో కొన్ని అక్షరాలు చుక్కలు పెట్టి ఉంటాయి. "మీ బ్రోకర్ మీ ఫండ్ బ్యాలెన్స్ ఇంత, సెక్యూరిటీస్ బ్యాలెన్స్ ఇంత అని మాకు చెప్పాడు" అని ఇంగ్లీషులో ఒక లైను. చాలామంది లోన్ ఆఫర్ అనుకుని తీసేస్తారు. దాని అసలు అర్థం "మీ బ్రోకర్ మాతో చెప్పిన లెక్క ఇదీ, మీకు తెలిసిన లెక్కతో కలుస్తోందా?" అని. మీ ఖాతాలో యాభై వేలు ఉండాలని మీరనుకుంటుంటే మెసేజీలో సున్నా ఉందంటే ఆ రోజే లేచి కూర్చోవాలి.

నాకూ ఒకసారి తగిలింది. ఒక మధ్యాహ్నం నేను చేయని ట్రేడు ఒకటి నా ఖాతాలో జరిగినట్టు ఎస్సెమ్మెస్ వచ్చింది. నష్టం రూ. 2,140. డీలరుకు ఫోన్ చేస్తే "సార్, మీరే చెప్పారు కదా" అన్నాడు. ఎప్పుడు చెప్పాను, కాల్ రికార్డింగ్ వినిపించండి అని అదే రాత్రి ఈమెయిల్ పెట్టాను. ఫోన్‌లో ఆర్డరు తీసుకుంటే ఆధారం చూపించాల్సిన బాధ్యత వాళ్లదే. రికార్డింగ్ దొరకలేదు. నాలుగో రోజు డబ్బు వెనక్కి వేశారు. వారం ఆగి అడిగి ఉంటే "మరి అప్పుడే ఎందుకు అనలేదు?" అనేవాళ్లు.

ఆరో మెట్టు: ఫిర్యాదు ఏ వరుసలో పెట్టాలి

మొదట బ్రోకర్‌కే, రాతపూర్వకంగా. ప్రతి బ్రోకర్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల కోసం ప్రత్యేక ఈమెయిల్ ఉంటుంది. కోపం, తిట్లు, శాపనార్థాలు రాయకండి. తేదీ, మొత్తం, ఏం జరిగింది, ఏం కావాలి, అంతే. ఇట్లా:

"నా క్లయింట్ కోడ్ ఫలానా. ఫలానా తేదీన నా అనుమతి లేకుండా ఫలానా కంపెనీ షేర్లు 100 అమ్మారు. ఆ రోజు నేను ఆర్డరు ఇవ్వలేదు, ఓటీపీ ఇవ్వలేదు. కాంట్రాక్ట్ నోట్, ఎక్స్ఛేంజి ఎస్సెమ్మెస్ జతచేశాను. ఆర్డరు తీసుకున్న ఆధారం పంపండి, లేదా నష్టం రూ. 8,600 జమ చేయండి."

జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా సెబీ వాళ్ల స్కోర్స్ పోర్టల్‌కు పోవాలి. 2011లో మొదలైంది, 2024 ఏప్రిల్‌లో కొత్త రూపం వచ్చింది. పాన్‌తో రిజిస్టర్ చేసుకోవాలి. ఫిర్యాదు నేరుగా బ్రోకర్‌కు పోతుంది, 21 రోజుల్లో జవాబు ఇవ్వాలి. నచ్చకపోతే 15 రోజుల్లోపు రివ్యూ అడగొచ్చు, అప్పుడు ఎక్స్ఛేంజి లాంటి సంస్థ చూస్తుంది. అదీ నచ్చకపోతే మళ్లీ 15 రోజుల్లో రెండో రివ్యూ, అది సెబీ చూస్తుంది. ఈ 15 రోజుల గడువు దాటితే ఫిర్యాదు మూసేస్తారు. పెళ్లిళ్ల సీజన్లో మరిచిపోయి ఇట్లా పోగొట్టుకున్న వాళ్లను చూశాను. క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకోండి. ఇంకో మాట, జరిగిన ఏడాదిలోపే స్కోర్స్‌లో పెట్టాలి.

స్కోర్స్ బ్రోకర్‌తో జవాబు చెప్పిస్తుంది. కానీ "నువ్వు ఇంత కట్టు" అని తీర్పు చెప్పే కోర్టు కాదది. డబ్బు దగ్గర పేచీ తెగకపోతే స్మార్ట్ ఓడీఆర్ అనే పోర్టల్ ఉంది, 2023లో వచ్చింది. మొదట రాజీ కుదిర్చే మనిషిని పెడతారు, 21 రోజులు. దానికి మదుపరి ఫీజు కట్టనక్కర్లేదు. కుదరకపోతే ఆర్బిట్రేషన్, అందులో వచ్చే తీర్పుకు కోర్టు డిక్రీ లాంటి బలం ఉంటుంది. దానికి ఫీజు ఉంటుంది కాబట్టి మీ మొత్తాన్ని బట్టి ఆలోచించుకోండి. అంతా ఆన్‌లైన్లోనే, అచ్చంపేటలో కూర్చుని కూడా నడిపించొచ్చు.

సెబీ ఇచ్చిన ఉత్తర్వు మీదే అభ్యంతరమైతే ముంబైలోని సెక్యూరిటీస్ అప్పీలేట్ ట్రిబ్యునల్‌కు 45 రోజుల్లో పోవాలి, ఆ పైన సుప్రీంకోర్టు. మామూలు మదుపరికి అంతదూరం పోయే అవసరం అరుదుగా వస్తుంది.

దారి తెలియకపోతే సెబీ టోల్ ఫ్రీ నంబర్లు 1800 22 7575, 1800 266 7575. తెలుగులో మాట్లాడొచ్చు.

బ్రోకరే మునిగిపోతే ఎట్లా? ఎక్స్ఛేంజి అతన్ని డిఫాల్టరుగా ప్రకటించి క్లెయిములు అడుగుతుంది. ఇన్వెస్టర్ ప్రొటెక్షన్ ఫండ్ నుంచి ఒక పరిమితి దాకా ఇస్తారు. గడువు ప్రకటన పేపర్లో వస్తుంది, అది దాటకూడదు. అయితే ఎక్స్ఛేంజిలో జరిగిన లావాదేవీలకే ఆ డబ్బు. "నెలకు నూటికి మూడు ఇస్తానన్నాడు" అనే ఒప్పందానికి ఒక్క రూపాయి రాదు. గ్యారంటీ లాభం ఇస్తానని చెప్పడమే బ్రోకర్‌కు, ఏజెంటుకు నిషేధం.

ఏడో మెట్టు: సెబీ చేయి అందని చోట్లు

వాట్సాప్‌లో వీఐపీ గ్రూపు, పేరున్న కంపెనీ లోగో పెట్టిన దొంగ యాప్, అందులో రోజూ పెరిగే అంకెలు, డబ్బు తీయబోతే "ముందు ట్యాక్స్ కట్టండి" అనే మెసేజీ. ఇది బ్రోకర్ తప్పు కాదు, సైబర్ నేరం. స్కోర్స్‌లో పెట్టి వారాలు పోగొట్టుకోకండి. వెంటనే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకు దూకకముందే ఆపగలిగితేనే దొరుకుతుంది, అందుకే ఇక్కడ లెక్క గంటల్లో ఉంటుంది.

డబ్బా ట్రేడింగ్ ఇంకోటి. ఎక్స్ఛేంజికి ఆర్డరు పోదు, కాగితం మీదో యాప్‌లోనో ధర మీద పందెం కాస్తారు. కాంట్రాక్ట్ నోట్ ఉండదు, పన్నుండదు, "చార్జీలు తక్కువ" అని ఊరిస్తారు. 1956 నాటి సెక్యూరిటీస్ కాంట్రాక్ట్స్ చట్టం ప్రకారం నేరం, పదేళ్ల దాకా జైలు. ఇక్కడ గెలిచిన డబ్బు ఇవ్వకపోతే ఏ ఆఫీసుకూ పోలేం.

ఇక షేర్ల పేరు చెప్పి మిత్తికి డబ్బు పోగుచేసే వాళ్ల సంగతి. పేరుకు షేర్లు, నిజానికి డిపాజిట్లు. వీటికి 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం మన రాష్ట్రంలో ఉంది, 2019లో కేంద్రం తెచ్చిన అనధికార డిపాజిట్ల నిషేధ చట్టం కూడా ఉంది. వీటి కింద ఆస్తులు జప్తు చేయొచ్చు. పోవాల్సింది పోలీసుల దగ్గరికి. ఒక్కరు కాకుండా డబ్బు కట్టిన వాళ్లందరూ కలిసి, బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని పోతే కేసు గట్టిగా నిలబడుతుంది.

హాలియా తమ్ముడి ఫైలు

అతని కేసు రెండు ముక్కలు చేశాం. మిత్తి కాగితం, యూపీఐ రశీదులు పట్టుకుని పోలీసు కంప్లైంటు ఒకటి. ఏజెంటు సొంత నంబరుకు డబ్బు తీసుకున్నాడని బ్రోకర్ కంపెనీకి, ఎక్స్ఛేంజికి రాతపూర్వక ఫిర్యాదు ఒకటి. కంపెనీ ఆ ఏజెంటును తీసేసింది. డబ్బు మాత్రం ఇంకా రాలేదు.

అంతకంటే ముందు చేసిన పని, ఖాతాలో మొబైల్ నంబరు మార్పించడం. మార్చేటప్పుడు పాత నంబరుకు పోయిన సమాచారం కూడా అడిగాం. ఖాతా తెరిచినప్పటి నుంచి ఎక్స్ఛేంజి మెసేజీలు పోతూనే ఉన్నాయి. ఫండ్ బ్యాలెన్స్ సున్నా, సెక్యూరిటీస్ బ్యాలెన్స్ సున్నా. కాపలావాడు నెలనెలా గంట కొట్టాడు. గంట మోగింది మాత్రం ఏజెంటు జేబులో.

నంబరు మారిన తర్వాతి నెల ఒక సాయంత్రం తమ్ముడు ఫోన్ చేశాడు. వెనక ట్రాక్టర్ చప్పుడు.

"అన్నా, మెసేజ్ వచ్చింది. నా పాన్ల అక్షరాలు కొన్ని ఉన్నయి, కొన్ని చుక్కలున్నయి. ఫండ్ బ్యాలెన్స్ సున్నా అని ఉంది. డిలీట్ చెయ్యలే. స్క్రీన్‌షాట్ తీసి నీకు పంపిన, చూడు."